బావమరిది డోలు గొంతు నేను నొక్కిన వైనం

ఒడిశా కొండల్లో కొరాపుట్ నుంచి రాయగడ దాకా ఒకసారి బస్సులో వెళ్ళి చూడండి. డ్రైవరు పెట్టే పాట, పక్క సీటువాడి ఫోన్లో మోగే పాట, దారిలో పెళ్ళిపందిరి కనిపిస్తే అందులోంచి వచ్చే పాట, ఏదైనా సరే, అది నా చేతుల మీదుగా పోయిందే. ఈ రెండు జిల్లాల్లోనూ నేను సరిచెయ్యని గొంతు లేదు. నేనంటూ పుట్టకపోతే ఇక్కడివాళ్ళు ఇప్పటికీ బిందెలో తల పెట్టి పాడుకుంటూ ఉండేవాళ్ళు.

దీన్ని ఇక్కడ ఇలా ఉంచండి. ముందు మా బావమరిది సంగతి చెప్పాలి. ఇంత వయసొచ్చాక నేను కలం పట్టుకున్నదే వాడికోసం. పగ తీర్చుకుని ఎవరికీ చెప్పకుండా కూర్చుంటే అందులో సగం రుచి పోతుంది.

మాది సముద్రం పక్కనుంచి కొండలెక్కి వచ్చిన కుటుంబం. తాత ఎస్టేటు కచేరీలో లెక్కలు రాశాడు, నాన్న కొరాపుట్‌లో ప్రభుత్వం ఫైళ్ళు రాశాడు, నేను కూడా కొన్నాళ్ళు రాశాను. తరవాత ఒకరోజు ఉద్యోగానికి దణ్ణం పెట్టేసి, రాయగడలో రైల్వేస్టేషనుకి దగ్గర్లో రెండు గదులు తీసుకుని రికార్డింగ్ స్టూడియో తెరిచాను. సరదాకి కాదు, పూర్తిగా దాని మీదే బతుకుదామని. మా మావగారు పెరట్లో నిలబడి వీధంతటికీ వినబడేలా అన్నమాట నాకింకా గుర్తుంది.

“ఆఫీసరు అవుతాడని పిల్లనిస్తే మైకులు మోస్తాడట! పెళ్ళిళ్ళకి ఎల్తే ఈయన్ని ఏటని సెప్పాలి నేను?”

ఆయన కొడుకే మా బావమరిది. ఫ్యాక్టరీలో పని పోయి, మా ఇంటికొచ్చి, మా ఇంట్లోనే తిని, మా స్టూడియోలోనే పని నేర్చుకున్నాడు. వచ్చిన కొత్తలో మైకు ఎటువైపు తిప్పి పెట్టాలో వాడికి తెలీదు. గదుల గోడలకి పరుపులు కొట్టి, వాటి మీద కొట్పాడ్ సంతలో కొన్న దుప్పట్లు కప్పింది మేమిద్దరమే. ఎన్ని కప్పినా గూడ్సు బండి మోత మాత్రం లోపలికి వచ్చేది. బండి వస్తే గాయకుడు నోరు మూసుకోవాలి, అందరం టీ తాగాలి, బండి పోయాక మళ్ళీ మొదలుపెట్టాలి. అలా ఏళ్ళ తరబడి కలిసి తాగిన టీ అది. పగ అంత చిక్కగా ఎందుకుందో ఇప్పుడు తెలిసిందా?

మునిగుడ దగ్గరి పల్లెనుంచి ఒకామె వచ్చింది. పెళ్ళికొడుకుని ఏడిపించే పాట ఒకటి, ఈ కొండల్లో మాట్లాడే దేశియా భాషలోది, ఆమె దగ్గర ఉంది. బయట నవ్వుతూ పాడేది, గదిలోకి తెచ్చి మైకు ముందు నిలబెడితే నోరు పెగిలేది కాదు. చేతిలో ఏదో పని ఉంటేగాని ఆమెకి పాట రాదని నాకు తట్టింది. మా ఆవిడ దగ్గర చిక్కుడుకాయలు అడిగి ఒళ్ళో పోశాను. ఆమె కాయలు తుంచుతూ పాడింది. తుంచిన టక్ టక్‌ని తీసెయ్యకుండా, దాన్నే తాళంగా నిలబెట్టి, కింద డోలు పరిచి నేను మిక్సింగ్ చేశాను. మా బావమరిది పక్కన కూర్చుని చూశాడు.

చూసి, పెన్ డ్రైవ్‌లో వేసుకుని కొరాపుట్ పోయాడు. అక్కడ ఎవరితోనో కలిసి ఆ పాటకి వీడియో తీసి ఫోన్లలోకి వదిలాడు. అది పాకింది. మా వీధిలో కోడిమాంసం కొట్టువాడు కూడా చూపించాడు నాకు. చివర్న పేర్లు పడ్డాయి. రికార్డింగ్, మిక్సింగ్ అని వాడి పేరు. నా పేరు ఎక్కడుందో తెలుసా? కృతజ్ఞతల్లో. జనరేటరు ఇచ్చినతని తరవాత.

ఆ పాట చేసింది కొరాపుట్ సౌండ్ ఇంజనీరని, అంటే మా బావమరిదేనని, జనం అటే వెళ్ళడం మొదలుపెట్టారు. నా దగ్గర పాడినవాళ్ళే స్టేషన్లో కనబడితే తల తిప్పుకుని రైలెక్కేవాళ్ళు. వాడికి ఫోన్ చేసి అడిగితే ఏమన్నాడు?

“పేరుదేటుంది బావా, పాట బాగుందా నేదా అది సూడు.”

ఎవడి పేరు వెనక్కి పోయిందో వాడిని అడగాలి, పేరుదేటుందో. ఆ మాటకి నేను తిరగ్గొట్టిన జవాబు మాత్రం ఇక్కడ రాయను, మా ఆవిడ చదువుతుంది.

చివరికి నేను బోర్డు దించేద్దామనే అనుకున్నాను. ఒక ప్రైవేటు బడివాళ్ళు ఆఫీసులో కూర్చోమన్నారు. ఆ నెలాఖరుకి ఊ అనో కాదనో చెప్పాలి. ఊ అంటే మా మావగారి ముందు ఓడిపోయినట్టే. ముసలితనంలో మళ్ళీ ఫైళ్ళు. సరిగ్గా అప్పుడే బావమరిది శుభలేఖలాంటి కార్డు పట్టుకుని వచ్చాడు. కొరాపుట్‌లో సొంత స్టూడియో ప్రారంభమట, మైదానంలో పాటల కచేరీ పెట్టాడట.

“బావా, నువ్వూ అక్కా ముందు వరసలో కూకోవాల. రాకపోతే ఊరుకోను.”

“ఎందుకు రాను? తప్పకుండా వస్తాను,” అన్నాను. నా జీవితంలో అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు. మా ఆవిడకి అప్పుడే అనుమానం వచ్చింది.

“ఏటండీ, అంత నవ్వుతున్నారు? అక్కడికొచ్చి నా తమ్ముడి మీద ఏటైనా సేస్తే మీతో తిరిగి రాను, ముందే సెప్తున్నా.”

“నేనేం చేస్తానే, ముసలాణ్ణి.”

ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలుసు. మా పనిలో ఒక చిన్న కిటుకుంది. వేదికకి అటొకటి ఇటొకటి రెండు సౌండ్ బాక్సులుంటాయి. రెండింటి లోపలి కాగితపు డొప్పలూ ఒకేసారి ముందుకి, ఒకేసారి వెనక్కి కదలాలి. ఒక బాక్సు తీగలు రెండూ తారుమారు చేశామనుకోండి, అది ముందుకి తోస్తున్నప్పుడు ఇది వెనక్కి లాగుతుంది. చూసేవాడికి ఏ లోపమూ కనబడదు. గొంతు వినబడుతుంది, వేణువు వినబడుతుంది. కింద ఉండాల్సిన బరువు, బేస్ అంటామే, అది మాత్రం గాలిలో ఒకదాన్నొకటి మింగేస్తుంది. డోలు కొడితే తగరపు డబ్బా కొట్టినట్టుంటుంది. ఎంత పెంచినా అంతే. కారణం తెలియనివాడు పిచ్చెక్కి చస్తాడు. ఈ కిటుకు నేను వాడికి నేర్పలేదు. కొన్ని దాచుకోవాలి.

ఆ రోజు మధ్యాహ్నమే కొరాపుట్ చేరాం. మైదానంలో గాలి ఎంతలా ఉందంటే షామియానా పడవ తెరచాపలా కొట్టుకుంటోంది. అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు వేదిక వెనక్కి వెళ్ళాను. అక్కడ బల్ల మీద ఇనప యాంప్లిఫయర్ ఒకటి కనబడింది, మా కాలం రకం, కుంకుమబొట్లూ బంతిపూల దండా వేసి ఉంది. ఇంత పెద్ద స్టూడియో పెట్టి ఇంకా ఇదే వాడుతున్నాడా అని నవ్వొచ్చింది. దాని వెనకనుంచి తీగలు వేదికకి అటూ ఇటూ నేల మీదున్న రెండు బాక్సులకి పోతున్నాయి. జేబులో ఉన్న చిన్న స్క్రూడ్రైవర్‌తో ఒక బాక్సు తీగలు విప్పి, అటుది ఇటు బిగించి, చేతులు దులుపుకుని వచ్చి సాంబారు వడ్డించుకున్నాను. అంత రుచైన సాంబారు నేను మళ్ళీ తినలేదు.

నాలుగు గంటలకి కచేరీ మొదలైంది. మొదటి పాట ఏదనుకున్నారు? ఆ పాటే. ఆ మునిగుడ ఆమే పాడింది. డోలు పడింది. పడిందంటే, పడలేదు! ఉత్త డబ్బా. ఢమ్ అనాల్సిన చోట టిక్. నాకు లోపలినుంచి పండగొచ్చింది. మిక్సర్ దగ్గర మా బావమరిది ముందుకి వంగాడు, వెనక్కి వంగాడు, ఏవేవో తిప్పాడు, చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. నుదుటి మీద చెమట నాకు ముందు వరసకి కనబడుతోంది. రెండో పాట కూడా అంతే. వెనక వరసలో ఎవరో ఒడియాలో ఏదో అంటే చుట్టూ నవ్వారు. అనుభవించరా నాయనా, జనరేటరు తరవాత వేశావుగా నా పేరు, అనుకుంటూ కాలు మీద కాలు వేసుకున్నాను.

మూడో పాట మధ్యలో లేచాను. అందరూ చూసేలా, కండువా సర్దుకుంటూ, మెల్లగా వేదిక వెనక్కి నడిచాను. తీగలు మళ్ళీ సరిగ్గా బిగించాను. బయటికి అడుగుపెట్టేసరికి డోలు ఢమ్మని గుండెల మీద పడింది. మైదానం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మా బావమరిది పరుగున వచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టి, “నువ్వే గురువువి బావా” అన్నాడు.

సరే. మైదానం మొత్తం కాదు, ముందు మూడు వరసలు. కాళ్ళకి దణ్ణం పెట్టలేదు, కిందపడ్డ ప్లగ్ ఏదో తీసుకోడానికి వంగాడు, సరిగ్గా నా కాళ్ళ దగ్గర. గురువు మాట మా ఆవిడ అన్నదేమో, లేక నేనే అనుకున్నానేమో. చెబుతూ చెబుతూ ఉంటే ఎవరన్నదీ కలిసిపోతుంది.

ఆ మొదటి మాట కూడా ఇప్పుడే దించేస్తాను. బస్సులో నా పాట మోగింది ఒకే ఒక్కసారి, డ్రైవరుకి పెన్ డ్రైవ్ నేనే ఇచ్చినందుకు. ఇన్నేళ్ళూ నన్ను నిలబెట్టినవి పాటలు కావు. ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పుతారే, ఆ ప్రకటనలు. కోచింగ్ సెంటర్లు, కోడిమాంసం కొట్లు, తప్పిపోయిన ఎద్దులు. ఒడియాలో, దేశియాలో, తెలుగులో, మూడింటా నా గొంతే. పాటలు మధ్య మధ్యలో వచ్చేవి, పండక్కి పాయసంలాగ.

కానీ ఆ సాయంత్రం మాత్రం నిజం. బేస్ పోవడం నిజం, నేను లేవగానే రావడం నిజం. ఆ చప్పట్లు చెవుల్లో పెట్టుకుని రాయగడ వచ్చి, బడివాళ్ళకి రానని చెప్పేశాను. బోర్డు దించలేదు. ఈ రోజుకీ ఆ రెండు గదుల్లోనే కూర్చున్నానంటే ఆ ఒక్క తీగ పుణ్యం. నా శత్రువు కచేరీ వాడి చేతుల్లో చచ్చిపోతే నా చేత్తో బతికింది. పగ అంటే అది.

ఇంతవరకూ రాసి నిన్న మా ఆవిడకి చదివి వినిపించాను. ఏదో పనిమీద రాయగడ వచ్చిన మా బావమరిది కూడా అక్కడే కుర్చీలో ఉన్నాడు. ఉండనీ, వాడికి తెలియాల్సిందేగా అని తీగల ఘట్టం ఇంకాస్త గట్టిగా చదివాను. మా ఆవిడ నెత్తి కొట్టుకుంది.

“అయ్యో! వాడెట్టిన అన్నం తిని వాడి ప్రోగ్రాం పాడుసేసేరా?”

బావమరిదికి కోపం వస్తుందని ఎదురుచూశాను. వాడు టీ గ్లాసు కింద పెట్టాడు.

“ఆగక్కా. బావా, ఏ యాంప్లిఫయరు నువ్వు కెలికింది? బొట్లెట్టి దండేసిందేనా?”

“అదే.”

“దానికి కరెంటే నేదు, దానికి తగిలించిన కింద బాక్సులూ మోగవు. నువ్వు పాత ఇనుముకి అమ్మేస్తే నేను ఎల్లి తెచ్చుకున్నది అది. పని నేర్సుకుంది దాని మీదేనని పూజకి పెట్టేను. మోగినవి పైన ఏలాడగట్టిన కొత్త బాక్సులు. వాటి యాంప్లిఫయరు వాటి పొట్టలోనే ఉంటాది.”

“మరి బేస్ ఎలా పోయింది?”

“గాలి హోరు మైకుల్లో పడతందని బేస్ తగ్గించే బటన్లు నేనే నొక్కేను. గాలి ఆగింది, తీసేసేను. నువ్వు ఎనక్కి ఎల్లేవని కూడా నాకు తెలీదు. బాత్రూముకి ఎల్లేవనుకున్నాను.”

“చప్పట్లో?”

“ఆవిడ పాడింది కదా బావా. ఆవిడకి కొట్టేరు.”