మా సందు తలుపులన్నీ తుడిచిన మొనగాణ్ణి

ఒక బకెట్టు నీళ్లు, ఒక పాత బనీను ఉంటే ఎంతటి ఘోరం చేయవచ్చో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. ఆ ఘోరం చేసినవాణ్ణి నేనే.

బెంగళూరు బొమ్మనహళ్ళిలో అద్దెకు దిగి అప్పటికి మూడు నెలలు. మా సందులో నలభై ఇళ్లు, ఎక్కువగా గార్మెంట్స్ పనికి వెళ్లేవాళ్లవి. ఒక సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూద్దును కదా, ప్రతి తలుపు మీదా సుద్దముక్కతో ఏవో అంకెలు, బాణాలు, కొన్నిచోట్ల పెద్ద ఇంటూ గుర్తులు! దొంగలు ముందుగా ఇళ్లకు గుర్తులు పెట్టి వెళ్తున్నారని సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఫోన్‌కి మెసేజి వచ్చింది. ఇంకేముంది, నాలోని వీరుడు నిద్ర లేచాడు. బనీను తడిపి నలభై తలుపులూ తుడిచిపారేశాను.

"ఏం జేస్తాండావప్పా?" అన్నాడు ఎదురింటి పెద్దాయన.

"మీ ఇంటిని కాపాడుతున్నానండీ" అన్నాను. నవ్వకండి, అసలు కథ ఇంకా ఉంది.

మర్నాడు పొద్దున్నే సందు మొదట్లో ఒకావిడ కొయ్యబారి నిలబడి ఉంది. గులాబీరంగు చీర, భుజాన మందుల ఐసుపెట్టె. మా ఏరియా ఆశా కార్యకర్త మంజులక్క, తరతరాలుగా బెంగళూరులోనే ఉన్న తెలుగావిడ.

"ఎవరప్పా నా గుర్తులు తుడిచినోడు?"

ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాను. "నేనేనండీ. దొంగలు పెట్టిన గుర్తులు!"

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఆ దొంగని నేనే. నిన్న ఇంటింటికీ పోలియో చుక్కలేసినా. బిడ్డలు ఇంట్లో లేకుంటే ఆ తలుపుకి ఇంటూ. ఈ పొద్దు ఆ ఇండ్లకి మళ్లా పోవల్ల."

"కాగితం మీద రాసుకోలేదా?"

"కాగితం నిన్ననే ఆస్పత్రిలో ఇచ్చేసినా. పదకొండు ఇండ్లని గుర్తుండాది. ఏ పదకొండో తలుపులు చెప్తాయి అనుకుంటి."

విరిచిన ఛాతీ ఎప్పుడు కుంగిందో నాకే తెలియదు. పదకొండు ఇళ్ల పిల్లలకు చుక్కలు పడకపోతే కారణం నేనే. "ఇప్పుడెట్లా అక్కా?"

"ఈ పెట్టె పట్టుకో. రా."

ఆ తర్వాత చూసింది జన్మలో మరిచిపోను. మంజులక్క తలుపుల వైపు చూడనేలేదు. "ఇది సరోజ ఇల్లు. పిల్లోడు నిన్న అవ్వ దగ్గిర ఉండె. ఆ మేడమీద కవలలు, ఏడో నెలకే పుట్టినారు, వాళ్లమ్మని ఆటోలో నేనే తీసకపోయింటి" అంటూ ఒక్కో గడపా ఎక్కేస్తోంది. ఏ బిడ్డ ఎప్పుడు పుట్టిందో, ఏ టీకాకి జ్వరం వచ్చిందో అంతా నోటికే ఉంది. నేనా, మూడు పాస్‌వర్డులకే చీటీ రాసుకునే మేధావిని. పక్కగది మనిషి పేరు కూడా నాకు తెలియదు.

పది ఇళ్లు పూర్తయ్యాయి. పదకొండోది మాత్రం ఎంతకీ తట్టలేదు. మొదటిసారి ఆవిడ మొహంలో కంగారు చూశాను.

"కొత్తగా వచ్చినోళ్లప్పా, ఏ తలుపో గుర్తుకు రాలే. బిడ్డ నిన్న నాయనతో బయటికి పోయిండె. ఈ పొద్దు ఊరికి పోతామని తల్లి చెప్పింది. పోతే ఆ బిడ్డకి చుక్కలు తప్పిపోతాయి. నువ్వే గదా తుడిచింది, గ్యాపకం చేసుకో! ఏదన్నా గుర్తు గట్టిగా గీసిండిందా?"

"గట్టిగానా... ఒకటి ఎంత రుద్దినా పోలేదక్కా. గోటితో గీకాను. కొళాయి పక్కన, నీలం తలుపు."

"అదే! మరిచిపోగూడదని రెండుసార్లు దిద్దినా!"

ఆవిడ పరుగు. పెట్టె మోస్తూ వెనక నేను. మేం చేరేసరికి ఆ తల్లి తలుపుకి తాళం వేస్తోంది. కాళ్ల దగ్గర రెండు సంచులు, చంకలో ఏడాది పాప, గుమ్మం ముందు ఆటో. పాప నోట్లో రెండు చుక్కలు పడ్డాయి, చిటికెనవేలికి సిరా అంటింది. అప్పుడుగానీ నా ప్రాణం కుదుటపడలేదు. కళ్లలో నీళ్లొస్తే పరుగెత్తడం వల్లేనని బుకాయించాను.

ఆ తల్లి నన్ను చూసి, "ఎవరక్కా ఈయన? మీ పనిలో కొత్తగా చేరినాడా?" అంది.

మంజులక్క కొంగుతో చెమట తుడుచుకుంది. "ఊ. పెట్టె బాగానే మోస్తాడు. చేతికి గుడ్డ మాత్రం ఇయ్యగూడదు."

ఆ పాప చిటికెనవేలి సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట నా తలుపు మీదే కాదు, నా నుదుటి మీద ఎవరైనా సుద్దతో ఇంటూ గీసినా సరే, మంజులక్క చెప్పేదాకా తుడుచుకోను.