సీసాలో నేను పోసిన నీళ్ళు

తొమ్మిదేళ్ళుగా ఈ సంగతి మోస్తున్నాను. నా భర్తకు కూడా చెప్పలేదు. చెబుదామని కూర్చుంటాను, మళ్ళీ లేచి ఏదో పని పెట్టుకుంటాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, అమెరికాలో ఆష్‌బర్న్ అనే ఊళ్ళో ఒక రిటైర్డ్ డాక్టరుగారి ఇంట్లో, బేస్‌మెంట్‌లో అద్దెకుండేదాన్ని. ఆయన్ని అంకుల్ అని, ఆయన భార్యను ఆంటీ అని పిలిచేదాన్ని. ఆంటీకి పాత సీసాల పిచ్చి. అందులో ఒకటంటే ప్రాణం. ఊరగాయ జాడీలా నున్నగా, గోధుమరంగులో, మెడ దగ్గర చిన్న చెవితో ఉండే మట్టిసీసా. ఎప్పుడో జర్మనీలో ఒక ఊట నీళ్ళను అలాంటి సీసాల్లో నింపి, ఓడల్లో అమెరికాకు తెచ్చి, కడుపు జబ్బులకు మందుగా అమ్మేవారట. బిరడా మీద నల్లటి లక్క చెక్కుచెదరలేదు. ఊపితే లోపల నీళ్ళు కదిలేవి. వాటికి ఇప్పటికీ ఇనుము రుచి ఉంటుందని ఆంటీ, ఉత్త నీళ్ళేనని అంకుల్. యాభయ్యో పెళ్ళిరోజున తెరిచి తేల్చుకుందామని ఇద్దరికీ పందెం.

వాళ్ళు కూతురి దగ్గరికి వెళ్ళిన వారం, మొక్కలకు నీళ్ళు పోయడానికి పైకి వెళ్ళి ఆ సీసా చేతిలోకి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నాను? ఊపి చూడాలని, అంతేనా? బిరడాను వేలితో నొక్కాను. లక్క పగిలింది, బిరడా పొడిపొడి అయింది. కంగారులో సీసా ఒరిగి నీళ్ళన్నీ సింక్‌లో పోయాయి. ఒక్క చుక్కైనా నాలుకకు తగిలించుకోవాలని తోచలేదు. కుళాయి తిప్పి నింపాను. వైన్ సీసా బిరడా కోసి బిగించి, కొవ్వొత్తి మైనంలో నల్ల షూ పాలిష్ కలిపి పూశాను. నా పనితనానికి నేనే ముచ్చటపడ్డాను కూడా.

ఆ పెళ్ళిరోజు రాకముందే ఆంటీ పోయారు. ఆ యాభయ్యో పెళ్ళిరోజున అంకుల్ నన్ను పైకి పిలిచి, సీసా తెరిచి, ఒక స్పూన్ నీళ్ళు నోట్లో వేసుకున్నారు.

"ఉత్త నీళ్ళేనమ్మా," అన్నారు. "మీ ఆంటీ గెలవాలని పొద్దుట్నుంచీ కోరుకుంటున్నా. నువ్వు కూడా టేస్ట్ చేసి చెప్పు."

తాగాను. "ఉత్త నీళ్ళే అంకుల్," అన్నాను.

ఆయన్ని బాధపెట్టకూడదని ఊరుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నిజం చెబితే ఆయనకు కనీసం ఒక ఆశ మిగిలేది. భయపడింది నా కోసమే.

అంకుల్ ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నారు. మొన్న ఫోన్లో కూడా, పందెం తనే గెలిచానని నీరసంగా అన్నారు. అవునన్నాను. ఎవరు గెలిచేవారో ఇక ఎవరికీ తెలియదు. తేల్చగలిగిన నీళ్ళను నేనే పారబోశాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.