ఉప్పు చూసిన మామయ్య

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా రోడ్డుకు రెండు పక్కలా ఉన్న హోటళ్ల మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. మెనూ పుస్తకం ఎంత లావుగా ఉంటే వంటగది అంత చిన్నది. దీపాలు మరీ గుడ్డిగా పెట్టిన చోట అన్నంలో రాయి వచ్చినా కనపడదు. మంచాలు వేసిన ధాబాల్లో పప్పు బాగుంటుంది కానీ, చీర కట్టుకుని ఆ మంచం మీద కూర్చుని తినడం ఒక విద్య. చేవెళ్ల బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు వేసే ఆమెకు బోర్డు లేదు, కుర్చీలు లేవు. ఆమె చేతికి మాత్రం నేను మనసులోనే దండం పెట్టుకుంటాను.

ముప్పై ఏళ్లు వచ్చేదాకా బయట ముద్ద ముట్టని దానివి, ఇన్ని సంగతులు నీకెక్కడివని మా ఆయన నవ్వుతారు. నిజమే. నేను బడికి పోలేదు. పుట్టింట్లో మా నాన్న, దుకాణంలో పొట్లాలు కట్టే పాత కాగితాలు ముందు పెట్టి చదవడం నేర్పించారు. అత్తవారిదీ కిరాణా దుకాణమే. పప్పులు, బెల్లం, పూజగది, ఇదీ నా లోకం. దేవుడు ఇచ్చింది చాలనుకునే దాన్ని. మా మరిది హోటల్ పెడతానన్నప్పుడు ఆ లోకానికి ఇంకో తలుపు ఉందని తెలిసింది.

అప్పుడు హైటెక్ సిటీ కంపెనీల వాళ్లు ఆదివారమైతే చాలు, కార్లేసుకుని మా వైపు వచ్చేవారు. కనకమామిడి ఊరి చేల మధ్య ఫామ్‌హౌస్‌లు లేచాయి. మొయినాబాద్ దాటగానే రిసార్టులు, వాటిలో పబ్బులు. మరిది చూపు మాత్రం చిల్కూరు గుడి మీద పడింది. వీసా రావాలని మొక్కేవాళ్లు, వచ్చిందని మొక్కు తీర్చేవాళ్లు అక్కడ ఎప్పుడూ ఉంటారు.

"గుడికి నూట ఎనిమిది సుట్లు తిరిగినోనికి ఆకలి కాదా వదినె? బిర్యానీ దొరుకుతది, బీరు దొరుకుతది. గుడికెల్లి వచ్చినోనికి పప్పన్నం ఏడ దొరుకుతది చెప్పు?"

మామయ్యకు ఆ మాటే గిట్టలేదు. తన తర్వాత దుకాణం గద్దె మీద చిన్న కొడుకు కూర్చోవాలని ఆయన కోరిక. మా ఆయన సరుకు తేవడానికి ఊళ్లు తిరుగుతారు, గద్దె చిన్నవాడిది అని ఎప్పుడో అనుకున్నారు. కానీ మరిది గద్దె మీద కూర్చుంటే, చూసినవాళ్లకు కూడా ఆవలింతలు వచ్చేవి.

"దసరా దాక సూస్త," అన్నారు మామయ్య. "అప్పటికి బల్లలు నిండకుంటే సప్పుడు చెయ్యకుంట వచ్చి గద్దె మీద కూసో. మళ్ల హోటల్ పేరు ఎత్తొద్దు."

"సరే బాపు," అన్నాడు మరిది. ఆ రాత్రి వాడు అన్నం సరిగ్గా తినలేదు.

ఎదుటివాళ్లు ఏం పెడుతున్నారో చూడాలని ఒక మధ్యాహ్నం మా ఆయననూ, నన్నూ ఒక పబ్బుకు తీసుకువెళ్లాడు. పబ్బంటే పాపం అనుకుంటూ వెళ్లాను, చలి అని తెలిసింది. కొంగు భుజాల నిండా కప్పుకుని కూర్చున్నాను. పాట గుండెలో దరువేస్తుంటే, పక్కపక్కనే కూర్చున్నవాళ్లు ఒకరితో ఒకరు అరిచి మాట్లాడుకుంటున్నారు. నెరిసిన మీసాల పెద్దమనిషి ఒకాయన ఏం కావాలని అడగడానికి వచ్చాడు.

"అన్నా, పన్నీరుకు, కోడికి పెనం వేరు వేరేనా?" అని అడిగాను.

ఆయన అటూ ఇటూ చూసి వంగి చెప్పాడు. "అబద్ధమెందుకమ్మా, పెనం ఒక్కటే. మీకు పండ్లు కోసి తెస్త. కత్తి కడిగి కోస్త."

బొప్పాయి, అనాసపండు తెచ్చాడు. ఆ చల్లటి చోట ఒక నిజం మాట దొరికినందుకు కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకున్నాను. అప్పటి నుంచీ పబ్బులను నేను తిట్టను. మరిది ఆయన్ని పెట్టబోయే మా హోటల్‌కు భోజనానికి పిలిచాడు.

శ్రావణం మొదటి ఆదివారం గుడి దారిలో హోటల్ తెరిచాం. ముందు ఆదివారాలు మాత్రమే నడుపుదామనుకున్నాం. వంట అత్తమ్మది, నాది. మా ఇంట్లో దేవుడికి నైవేద్యం పెట్టకముందు వంట రుచి చూడరు. చూడాల్సిన అవసరమూ రాలేదు, ఎనిమిది మందికి ఎంత ఉప్పో చేతికే తెలుసు. ఆపైన శ్రావణ ఆదివారాలు మా ఇద్దరికీ ఒక్కపొద్దు. ఆ ఒక్క పూటా ఉప్పు లేని చప్పిడి తిండే. మరిదికి భయంతో ముద్ద దిగేది కాదు. మామయ్య, మా ఆయన దుకాణం వదిలి వచ్చేవారు కాదు. కాబట్టి మేం వండిన పప్పు మాలో ఎవరి నోటికీ తగల్లేదు.

గుడి నుంచి వచ్చినవాళ్లు, దొంతన్‌పల్లి కాలేజీ పిల్లలు, బాగానే వచ్చారు. మర్యాదస్తులు, ఎవరూ ఏమీ అనలేదు. మజ్జిగ మాత్రం బిందెలకు బిందెలు అయిపోయింది. మా మజ్జిగ ఇంత బాగుందా అని అత్తమ్మ, నేను మురిసిపోయాం. రెండో వారం ఇంకో బిందె ఎక్కువ చేశాం. మూడో వారం నాలుగు బల్లలు ఖాళీగా ఉన్నాయి.

ఆ రోజే పబ్బు పెద్దమనిషి వచ్చాడు. రెండు ముద్దలు తిని, గ్లాసెడు మజ్జిగ తాగి, నన్ను పిలిచాడు.

"అబద్ధమెందుకమ్మా, పప్పుల ఉప్పు రెండుసార్లు పడ్డది. మీ మజ్జిగ గందుకే గట్ల పోతున్నది."

అత్తమ్మ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నేను మరిచిపోయానేమోనని ఆమె వేసింది. ఆమె మరిచిపోయిందేమోనని నేను వేశాను. మూడు వారాలూ అంతే. మరిది వెళ్లి ఖాళీ బల్లలు మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. వాడు తిట్టినా బాగుండేది.

సాయంత్రం ఇంట్లో పంచాయితీ. వంట కాగానే చెంచాడు నోట్లో వేసుకోండని మరిది బతిమాలాడు.

"దేవునికి పెట్టకముందు ఎంగిలి చేస్తార్రా?" అంది అత్తమ్మ.

"పోనీ పెట్టినంక సూసి సరిచెయ్యి."

"అంటే దేవునికి ఉప్పెక్కువైనది పెట్టి, కార్లల్ల వచ్చినోళ్లకు మంచిది పెట్టాల్నా?"

మంచం మీద పడుకున్న మామయ్య కళ్లు తెరవకుండానే అన్నారు. "నలభై ఏండ్ల సంది నీ చేతి వంట తింటున్నడు దేవుడు. ఒక్కనాడన్న మజ్జిగ అడిగిండా?"

అందరం నవ్వాం, అత్తమ్మ తప్ప. ఆమె ఆలోచిస్తోంది. తెల్లవారి దారి ఆమే చెప్పింది. ముందు ఇంటి గిన్నెలో, చేతికి తెలిసిన కొలతతో పప్పు వండి నైవేద్యం పెట్టాలి. ఆ గిన్నెడు తెచ్చి పెద్ద గుండిగలో కలిపేయాలి. ఇక గుండిగంతా ప్రసాదమే, రుచి చూసినా తప్పు లేదు. అయితే చూసేదెవరు? మాకు చప్పిడి. మరిదికి ఆ కంగారులో ఉప్పు, బెల్లం ఒక్కటే.

"ఇగో, ఆదివారం మీరే రావాలె," అంది మామయ్యతో. "జీవితమంతా పప్పు, బెల్లం నోట్ల వేసుకునే కొన్నరు గద."

హోటల్ మూతపడాలని కోరుకునే మనిషి చేతికి గంటె ఇస్తున్నాం. బాగున్నదని ఒక్క అబద్ధం చెబితే చాలు, దసరాకు కొడుకు గద్దె మీద ఉంటాడు. ఆ ఆదివారం పొయ్యి పక్కన నిలబడి వేంకటేశ్వరుడికి దండం పెట్టుకున్నాను.

మామయ్య గంటెలోది అరచేతిలో వేసుకుని నాకారు. కళ్లు మూసుకున్నారు. బేరం ఆడేటప్పుడు పెట్టే ముఖం పెట్టారు.

"ఉప్పు సరిపోయింది. చింతపండు జర తక్కువున్నది," అన్నారు. ఆగి, "పప్పు ఇంకో ఉడుకు రావాలె. గిట్ల పెడితే ఎవ్వడు మళ్ల రాడు."

మరిది పరుగెత్తి మంట పెద్దది చేశాడు.

శ్రావణం పోయింది, మా నోళ్లకు ఉప్పు తిరిగి వచ్చింది. గంటె మాత్రం మామయ్య మాకు ఇవ్వలేదు. ప్రతి ఆదివారం మాకంటే ముందు తయారై కూర్చునేవారు. పోయిన వారం వచ్చినవాళ్లే పక్కింటివాళ్లను తోడు తెచ్చారు. మజ్జిగ ఒక్క బిందె సరిపోయింది.

దసరా ముందు ఆదివారం బల్లలన్నీ నిండి, బయట చెప్పుల దగ్గర కూడా మనుషులు నిలబడ్డారు. అందరూ వెళ్లాక మామయ్య తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటున్నారు. మరిది ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. దసరా గడువు తీరేది ఆ వారమే.

"దుకాణంల జాగ సాలుత లేదురా," అన్నారు మామయ్య వాడి వైపు చూడకుండా. "నీ గద్దె మీద కందిపప్పు బస్తాలు పెట్టిన. ఇగ నువ్వు కూసోనీకి ఆడ జాగ లేదు."

మరిది వంగి ఆయన కాళ్లకు మొక్కాడు. ఆయన వాడి తల మీద చెయ్యి పెట్టి, "రేపు వచ్చి రెండు బస్తాలు తెచ్చుకో," అన్నారు.