చప్పిడి పథ్యం

మా అమ్మాయి చిక్కిపోవడానికి కారణం నేను, నా భార్య కాదు. ఈ ముక్క నోటితో చెబితే మా చర్చివాళ్లు నమ్మలేదు. అందుకే రాస్తున్నాను.

మా అమ్మాయికి సిస్టిక్ ఫైబ్రోసిస్. పుట్టిన కొద్దిరోజులకే ఇక్కడి నర్సు మడమ గుచ్చి తీసిన రక్తంలో బయటపడింది. ఆ జబ్బంటే ఊపిరితిత్తులే అనుకుంటారు అందరూ. మా ఇంట్లో మాత్రం పోరాటమంతా పొట్టతోనే. ఒంట్లో ఊరే రసాలు జిగురులా చిక్కబడి క్లోమం దారులు మూసుకుపోతాయి. కొవ్వును అరిగించే రసం పేగులోకి దిగదు. అందుకే తినే ప్రతిసారీ ఆ రసానికి బదులుగా క్యాప్సూళ్లు వేసుకోవాలి. అప్పటికీ తిన్నదంతా ఒంటబట్టదు కనక వెన్న, నెయ్యి అందరు పిల్లలకంటే ఎక్కువ తినాలి. చెమటలో ఉప్పు పోతుంది కనక ఉప్పూ ఎక్కువే కావాలి. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. వచ్చీ చేశాను, అదీ నా ఘనకార్యం.

టీనేజీలోకి రాగానే దానికి ఛాతీలో మంట మొదలైంది. తిన్నది పుల్లగా గొంతులోకి ఎగదన్నేది. దగ్గితే మరీను. నా భార్య మేముండే ఐరిష్ ఊరు స్లైగోలో ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో నర్సు. ఆవిడ డ్యూటీ రోజుల్లో, ఇంటి నుంచి పనిచేసే నేనే పిల్లకి భోజనం పెట్టేవాణ్ణి. చిన్నప్పుడు నాకు కడుపుమంట వస్తే మా అమ్మ చప్పిడి పథ్యంతో తగ్గించింది. మంటంటే వేడి, వేడికి పథ్యం. అంతకుమించి ఆలోచించలేదు. ఉప్పు లేని మజ్జిగన్నం, నూనె లేని చారు, ఇడ్లీ పెట్టాను. నెయ్యే లేనప్పుడు క్యాప్సూళ్లెందుకని అవీ తగ్గించాను. ఆవిడ వండిపెట్టి వెళ్లిన నేతి పప్పు, గుడ్ల వేపుడు నేను తినేసేవాణ్ణి.

"డాడ్, దీనికి టేస్టే లేదు."

"తినమ్మా, కడుపు చల్లబడుద్ది. మంట తగ్గిందా లేదా?"

"యా, ఇట్స్ గ్రాండ్," అనేది ఇక్కడి పిల్లల్లాగే, బానే ఉందన్నట్టు, పళ్లెం పక్కకి నెట్టి.

మంట కొంత తగ్గింది. పిల్ల అంతకంటే ఎక్కువ తగ్గింది.

ఆసుపత్రిలో ఏం తింటోందని డైటీషియన్ మా ఇద్దరినీ అడిగింది. చూసింది మాత్రం తల్లి వైపే. ఆవిడ తను వండేవన్నీ చెప్పింది. నేను గోడ మీద బొమ్మ చూస్తూ కూర్చున్నాను. బరువు ఇలాగే పడిపోతే పొట్టకి రంధ్రం చేసి గొట్టం పెట్టి, దాంతో ఆహారం పంపాల్సి వస్తుందని డాక్టర్ అన్నాడు. అప్పుడూ నేను బొమ్మ మీంచి చూపు తిప్పలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక హాల్లో భోజనాలు. నా భార్య వడ్డిస్తోంది.

"ముసలోళ్లకి తినిపిచ్చే చెయ్యి సొంత పిల్లకి తినిపిచ్చుద్దా, సిస్టర్?" అంది ఒక ఆంటీ. చుట్టూ నవ్వులు.

నా భార్య చేతిలో గరిటె ఆగింది. అమ్మాయి తలెత్తి నా వైపు చూస్తూ ఉండిపోయింది.

"పిల్లని ఎండబెట్టింది నేనండీ," అన్నాను. పథ్యం సంగతి మొత్తం చెప్పాను.

పక్కన కూర్చున్న పెద్దాయన భుజం తట్టాడు. "పోన్లే బ్రదర్, పథ్యం మంచిదేగా. పెద్దోళ్లు ఊరికే చెప్పలా."

"మీ పొట్టకి మంచిది! దాని పొట్టకి విషం!" అని అరిచాను.

కారెక్కాక నా భార్య ఒక్కటే అడిగింది. "డాక్టరు ముందు ఎందుకు చెప్పలేదండీ?"

 మర్నాడే ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాను. ఉప్పు, నెయ్యి, క్యాప్సూళ్లు అన్నీ మళ్లీ మొదలయ్యాయి. మంటకి పథ్యం కాదు, ఆమ్లం తగ్గించే మాత్ర కావాలన్నారు. ఆమ్లం ఎక్కువైతే ఆ క్యాప్సూళ్లు కూడా సరిగ్గా పనిచేయవట. బరువు మెల్లగా పెరుగుతోంది. గొట్టం మాట మాత్రం డాక్టర్లు ఇంకా వదల్లేదు.

చర్చిలో ఇప్పుడు నాకు మంచి పేరొచ్చింది. పెళ్లాన్ని వెనకేసుకురావడానికి తప్పు నెత్తినేసుకున్న దేవుడిలాంటి మనిషినట! ఈ అబద్ధాన్ని నేను భరించలేను. అది మళ్లీ ఆవిడ మెడకే చుట్టుకుంది.

ఆవిడ డ్యూటీలో ఉన్న రోజుల్లో అమ్మాయే అట్టు పోసుకుంటోంది. నెయ్యి నేను వేస్తానని నిన్న గిన్నె అందుకోబోయాను.

"నో, డాడ్. ఐ విల్ డూ ఇట్," అని గిన్నె అవతలికి జరుపుకుంది.