కుళాయిల దగ్గర కౌన్సిలు కబుర్లు

పొద్దున్న పాలు కాగుతుండగా ఫోను టింగుమంది. వార్డు వాట్సాప్ గ్రూపులో మెసేజ్: కాలువలు కట్టేస్తున్నారు, మంచినీళ్ళు పొదుపుగా వాడుకోవలెను. దాని కింద ఒకాయన చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు, ఇంకొకాయన గులాబీతో శుభోదయం పెట్టాడు, అంతటితో వార్డుకి కబురు అందినట్టే లెక్క. నేను చదివి వినిపించడం పూర్తయ్యేలోగా మా ఆవిడ పెరట్లో నీలం డ్రమ్ము దొర్లించి కడగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకి నా గుండె గుభేలుమంది. నేను పుట్టుకతోనే కంగారు మనిషిని. తపాలా ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ టెలిగ్రాం వస్తే, అది ఎవరిదైనా సరే, ముందు నా చేతులే చల్లబడేవి. కానీ ఈ కంగారు ఆ జాతిది కాదు. మా వదిన కౌన్సిలరుగా ఉన్నప్పుడు వచ్చిన ఒక వేసవి నుంచి ఇది నన్ను పట్టుకుంది.

మాది భీమవరానికి దగ్గరలో ఒక చిన్న మునిసిపాలిటీ. ఎటు చూసినా చేపల చెరువులూ రొయ్యల చెరువులూ మిలమిలలాడుతుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు "మీకేంటండీ, నీళ్ళలోనే ఉన్నారు" అంటారు. ఇక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయనీ, మేం తాగేది గోదావరి కాలువ నీళ్ళేననీ వాళ్ళకి తెలియదు. ఎండాకాలం మరమ్మతులకని కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. కాలువలు కట్టేయడమంటే అదే. ముందుగా నింపుకున్న మంచినీళ్ళ చెరువే అప్పుడు ఊరంతటికీ దిక్కు. ఆ నీళ్ళు పొద్దున్న కొద్దిసేపు కుళాయిల్లో వస్తాయి. మా వార్డులో అవి ముందు మేడలకి వస్తాయి, తర్వాత మాలాంటి డాబాలకి, ఆ పైన మలుపు తిరిగి రొయ్యలు వలిచే షెడ్లలోనూ ఐసు ఫ్యాక్టరీలోనూ పనిచేసేవాళ్ళ ఇళ్ళకి వెళతాయి. ఆ ఇళ్ళున్న చోటిని మేం చివరి వీధి అంటాం. మేడల దగ్గర ఉరుకులు పెట్టే నీళ్ళు అక్కడికి చేరేసరికి నీరసించిపోతాయి.

అప్పట్లో అన్నయ్యా వదినా మేమూ అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. వదిన కౌన్సిలరు కావడం కూడా ఒక తమాషా. నిలబడాలని సరదాపడింది అన్నయ్య. తీరా చూస్తే సీటు ఆడవాళ్ళకి రిజర్వైంది. సరే, పేరు ఆవిడది పెడదాం, పెత్తనం మనది చేద్దాం అనుకున్నాడు. ఊళ్ళో అందరూ అలాగే అనుకున్నారు, పాపం వదిన కూడా అలాగే అనుకుందేమో. మొదటి మీటింగుకి పట్టుచీర కట్టుకుని వెళ్ళి, టీ తాగి, చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తి వచ్చింది. మర్నాడు కుళాయి దగ్గర చివరి వీధి ఇడ్లీబండి ఆవిడ "నిన్న ఏం మాట్లాడుకున్నారండీ అమ్మగారూ?" అని అడిగింది. వదినకి చెప్పడానికి ఏమీ లేదు. ఎందుకు చెయ్యెత్తిందో ఆవిడకే తెలియదు. ఆ సిగ్గు వదినని వదల్లేదు. మరుసటి మీటింగుకి నేతచీర కట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళింది. అన్నయ్య పెత్తనం ఆ కళ్ళజోడుతోనే ముగిసింది.

అప్పటి నుంచి కౌన్సిలు మీటింగైన మర్నాడు వదిన నీళ్ళతోపాటు బయలుదేరేది. మేడల దగ్గర కుళాయిలో నీళ్ళు రావడం మొదలవగానే అక్కడ నిలబడి, ఏ రోడ్డుకి ఒప్పుకున్నారో, ఏ మురుగుకాలవకి ఒప్పుకోలేదో, ఎవరు ఏమన్నారో పూసగుచ్చినట్టు చెప్పేది. బిందె నిండేలోగా ఒక విషయం, బిందె మార్చేలోగా ఇంకొకటి. కమిషనరుగారు జవాబు తెలియనప్పుడు దగ్గే దగ్గుని అచ్చం అలాగే దగ్గి చూపించేది. ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు, మధ్యలో "మరి మా లైటు సంగతేంటండీ?" అని నిలదీసేవాళ్ళు, వదిన ఆ ప్రశ్నని జాగ్రత్తగా మోసుకుని మళ్ళీ మీటింగుకి పట్టుకెళ్ళేది. అలా ఒక్కో కుళాయి దాటుకుంటూ చివరి వీధికి చేరేసరికి నీళ్ళతోపాటు వదిన గొంతు కూడా సన్నబడేది. నేను వెనకాల ఫ్లాస్కుతో కాఫీ పట్టుకుని నడిచేవాణ్ణి. నాకు భయంగానే ఉండేది. కవరు చేరవేయడమే గానీ విప్పి చదవడం మా శాఖ పద్ధతి కాదు. "లోపలి మాటలు బయట ఇలా చెప్పేయొచ్చా వదినా?" అంటే "లోపల మాట్లాడేది బయటివాళ్ళ సంగతేగా మరిదిగారూ" అనేది.

ఆ వేసవి కాలువలు ముందుగా కట్టేస్తారని కబురొచ్చింది. చెరువేమో సగమే నిండింది. ఇకనుంచి నీళ్ళు రోజు విడిచి రోజు వదలాలని కౌన్సిల్లో అనుకున్నారు. మర్నాడు వదిన ఎప్పటిలాగే మేడల దగ్గర మొదలుపెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరూ కంగారుపడొద్దని కూడా చెప్పింది. కంగారుపడొద్దని చెబితే మావైపు ఏం జరుగుతుందో నాకు తెలుసు. వదిన రెండో కుళాయికి వెళ్ళేలోగా మొదటి ఇంట్లో డ్రమ్ములు బయటికొచ్చాయి. డ్రమ్ములైపోతే రొయ్యల టబ్బులు, అవైపోతే చేపలు ప్యాక్ చేసే థర్మాకోల్ పెట్టెలు. మా ఆవిడ పచ్చడి జాడీలు కూడా కడిగి పెట్టింది. అందరూ మంచివాళ్ళే, ఒకరికొకరు "మీరు కూడా పట్టుకోండి" అని ప్రేమగా చెప్పుకుంటూ మరీ పట్టుకున్నారు. దానికి తోడు మేడలవాళ్ళు చాటుగా కుళాయిలకి మోటార్లు తగిలించారు. ఆ మోటార్ల రొద వీధంతా వినిపిస్తూనే ఉంది గానీ, ఎవరూ విననట్టే ఉన్నాం. వదిన చివరి వీధికి చేరి నోరు తెరిచేసరికి అక్కడ కుళాయిలు గాలి ఊదుతున్నాయి.

తర్వాత నీళ్ళు వదిలిన రోజునా అదే వరస. నీళ్ళ టిన్నుల ఆటో కూడా ముందు ఇళ్ళ దగ్గరే ఖాళీ అయిపోయి వెనక్కి తిరిగేది. చివరి వీధివాళ్ళు అడగడానికి మొహమాటపడి, కాలువలో అడుగున మిగిలిన నీళ్ళు తెచ్చుకుని, గుడ్డతో వడకట్టుకుని తాగారు. ఇడ్లీబండి ఆవిడకి ఒక మనవరాలుంది. తల్లి రొయ్యల షెడ్డుకి వెళితే పిల్ల నాయనమ్మ దగ్గరే ఆడుకునేది. ఆ పిల్లకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఆస్పత్రిలో చేర్చి సెలైను ఎక్కించారని తెలిసి వదినా నేనూ ఆటోలో వెళ్ళాం. మంచం మీద పిల్ల కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. పెదవులు ఎండిపోయి, నాలికతో తడుపుకోవడానికి కూడా ఓపిక లేనట్టు పడుకుంది. నాయనమ్మ మమ్మల్ని కూర్చోమని స్టూలు జరిపింది, అంతే. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది నాకు.

ఆ సాయంత్రమే అత్యవసరంగా కౌన్సిలు పెట్టారు. చెరువు గట్టు కింద నుంచి నీరు ఊరిపోతోందని ఇంజనీరు చెప్పాడట, ఉన్నది ఇక మూడు రోజులకోసారి వదిలితేనే కాలువలు తెరిచేదాకా వస్తుందట. మీటింగయ్యాక ఛైర్మన్ గారు వదినని ఆపారు. ఆయన చెడ్డవాడు కాదు, నెత్తిమీద బరువు ఉన్నవాడు. "చెల్లెమ్మా, మొన్న నువ్వు చెప్పావు, ఏమైందో చూశావు. ట్యాంకర్లు మాట్లాడేదాకా ఎవరికీ చెప్పకు. నీకు దణ్ణం పెడతాను" అన్నారట. ఇంటికొచ్చి వదిన ఆ మాట చెబుతుంటే అన్నయ్య తలూపాడు, నేనూ తలూపాను. చెబితే మళ్ళీ డ్రమ్ములు దొర్లుతాయి, ఇంకో పిల్ల ఆస్పత్రి పాలవుతుంది, అప్పుడు వదిన మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? ఇదే నా బెంగ. వదిన కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టకుండానే లేచిపోయింది. కాసేపటికి వంటింటి గుమ్మంలో నిలబడి అంది:

"చెప్పకపోతే ఎవరికి తెలీదు మరిదిగారూ? మేడలవాళ్ళకి ఆఫీసులో మనుషులున్నారు, పొద్దున్నకల్లా వాళ్ళకి తెలిసిపోతుంది. తెలియకుండా ఉండేది చివరి వీధికే."

అన్నయ్య అలవాటుగా పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

తెల్లవారింది. నీళ్ళొచ్చే రోజు. వదిన గేటు తీసి ఎప్పుడూ వెళ్ళే ఎడమ వైపుకి కాకుండా కుడివైపుకి తిరిగింది. నేను ఫ్లాస్కు పట్టుకుని వెంటపడ్డాను. చివరి వీధిలో ఆడవాళ్ళు ఖాళీ బిందెలు వరసలో పెట్టి గడపల మీద కూర్చున్నారు. ఇడ్లీబండి ఆవిడ ఆస్పత్రి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, జుట్టు కూడా ముడేసుకోలేదు. వదిన వాళ్ళ మధ్య నిలబడి చెరువు సంగతి అంతా చెప్పింది, ఛైర్మన్ గారు చెప్పొద్దన్న సంగతితో సహా. "మొన్న మీకు అందరికన్నా ఆఖర్న చెప్పాను. అది నా తప్పే. ఇవాళ ముందు మీకే చెబుతున్నాను" అంది.

ఇడ్లీబండి ఆవిడ నోరు విప్పింది. గొంతులో కోపం కూడా లేదు, అలసటే ఉంది.

"కబురైతే ముందు మాకే చెప్పేరండి, సంతోషం. నీళ్ళు ఇటునించి రావు కదండీ అమ్మగారూ."

వదిన మొహం పాలిపోయింది. ఇక వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేస్తుందనే అనుకున్నాను, రావాలని లోపల కోరుకున్నాను కూడా. ఆవిడ వంగి ఒక ఖాళీ బిందె తీసి చంకన పెట్టుకుంది. "అయితే మనమే అటు వెళదాం. నేను చెప్తాను, మీరు నా పక్కన నిలబడండి చాలు" అంది. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మేడల దగ్గరికి ఖాళీ బిందెతో వెళ్ళడమంటే వాళ్ళకి చిన్న విషయం కాదు. రోజూ ఆ ఇళ్ళ ముందు నుంచే పనికి వెళతారు గానీ గేటు దగ్గర ఆగరు. ఇడ్లీబండి ఆవిడ జుట్టు ముడేసుకుని, "ఆయ్, పదండి" అని లేచింది. మిగిలినవాళ్ళు లేచారు.

అలా చివరి నుంచి మొదటికి నడిచాం. దారిలో మా ఇల్లు వచ్చింది. మా ఆవిడ డ్రమ్ము ముందు నిలబడి ఆ బిందెలని చూసి డ్రమ్ముని మళ్ళీ పెరట్లోకి దొర్లించుకుపోయింది. మేడల దగ్గరికి వెళ్ళేసరికి కుళాయిలు మొదలయ్యాయి, మోటార్లూ మొదలయ్యాయి. మొదటి మేడ రొయ్యల మేత వ్యాపారం చేసే పెద్దమనిషిది. ఆయన నోట్లో బ్రష్షుతో గేటు దగ్గరికి వచ్చాడు. రోజూ ఆయన ఫలహారం ఆ ఇడ్లీబండి దగ్గర నుంచే వస్తుంది. వదిన ఎప్పటి గొంతుతోనే చెప్పింది: చెరువులో ఇంతే ఉంది, మూడు రోజులకోసారే వస్తాయి, తాగడానికీ వంటకీ పట్టుకోండి, మోటార్లు తీసేయండి, వీళ్ళ ఇళ్ళలో చుక్క లేదు. కమిషనరు దగ్గు ఆ రోజు దగ్గలేదు. పెద్దమనిషి బ్రష్షు తీసి వదినతో ఏదో అనబోయాడు. ఆయన పెద్ద నోరు మనిషి, పలుకుబడి ఉన్నవాడు, రేపు వదిన మీద ఏ ఫిర్యాదు పెట్టిస్తాడో అని నా భయం.

ఇంతలో ఇడ్లీబండి ఆవిడ తన బిందె ఆయన గేటు ముందు నేల మీద పెట్టింది. "బాబుగారండీ, మా పిల్లకి ఇంకా సెలైను ఎక్కుతూనే ఉందండి" అంది. అంతకన్నా ఏమీ అడగలేదు.

ఆయన ఆ బిందె వంక చూశాడు. తర్వాత మా అందరి వంకా చూసి లోపలికి వెళ్ళాడు. తలుపేసుకుంటాడనుకున్నాను. మోటారు రొద ఆగింది. పక్క మేడవాళ్ళు గోడ మీద నుంచి చూస్తున్నారు కాబోలు, వాళ్ళదీ ఆగింది. ఆ పక్కది కూడా ఆగింది. అన్నీ ఆగాక వీధి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది, కుళాయిల ధార చప్పుడు ఒక్కటే వినిపించింది. అందరం వెనక్కి దాదాపు పరుగులాంటి నడకతో వచ్చాం, నీళ్ళు మాకన్నా ముందు వెళ్ళాయో వెనకే వస్తున్నాయో తెలియదు. చివరి వీధిలో ముందు కుళాయి గాలి ఊదింది. వదిన నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళై వచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ ఎప్పుడూ అలా పట్టుకోలేదు, చెయ్యి మంచులా ఉంది. గాలి తర్వాత ఎర్రటి తుప్పు నీళ్ళు వచ్చాయి. ఆ తర్వాత వేలెడంత ధార వచ్చింది, వస్తూనే ఉంది.

పిల్ల బతికింది. ఇంటికొచ్చాక ఇడ్లీబండి కింద కూర్చుని మళ్ళీ ఆడుకుంది. ఛైర్మన్ గారు వదినతో కొన్నాళ్ళు మాట్లాడలేదు, ఆ తర్వాత మిగతా కౌన్సిలర్లని కూడా కుళాయిల దగ్గరికి వెళ్ళమన్నారని విన్నాను. మేడలవాళ్ళందరూ ఆ వేసవంతా మోటార్లు ఆపే ఉంచారని చెప్పను, ఒక్కోరోజు మోటారు మళ్ళీ మోగేది, వదిన మళ్ళీ బయలుదేరేది. పదవిలో ఉన్నంత కాలం కబుర్లు చివరి వీధి నుంచే మొదలుపెట్టింది. తర్వాత ఎన్నికల్లో నిలబడలేదు. మోకాళ్ళు పట్టేశాయి. ఇప్పుడు అన్నయ్యా ఆవిడా భీమవరంలో ఉంటున్నారు.

ఇవాళ మెసేజ్ చూసిన కాసేపటికే వదిన నుంచి ఫోను. బాగోగులేమీ లేవు. "చివరి వీధికి నీళ్ళు వచ్చాయా మరిదిగారూ? వెళ్ళి చూసి చెప్పండి" అంది. చెప్పులేసుకుని బయలుదేరాను. పదవికి గడువు ఉంటుంది, అది ఎప్పుడో తీరిపోయింది. ఎండిన కుళాయి గాలి ఊదిన ఆ కాసేపు మాత్రం మా ఇద్దరికీ ఇంకా గడవలేదు.