మూడుసార్లు చెప్పే పిన్ని

బిలాస్‌పూర్ రైల్వే లైబ్రరీలో రేడియో గురించి ఉన్న పుస్తకాలన్నీ చదివాను. మా పిన్ని వాటిలో ఎక్కడా లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

రైల్వే స్టేషన్‌లో అనౌన్సర్‌గా రిటైరయ్యాక, ఆమె ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని కొండ మీది ఊరికి వెళ్లేది. అక్కడివాళ్లు జీతాల్లేకుండా నడుపుకునే చిన్న రేడియోలో కబుర్లు చదివేది. స్టేషన్ అలవాటు పోలేదు. ఏదైనా మూడుసార్లు చెప్పేది.

ఒకసారి డాక్టరు బుధవారం వస్తాడనాల్సింది మంగళవారమని చదివింది, అదీ మూడుసార్లు. ఇంకా పైనున్న గూడేల జనం అంత దూరం దిగి వచ్చి, డాక్టరు లేక ఉత్తినే తిరిగి వెళ్లారు.

"ఒప్పుకోకు పిన్నీ, ఇంక మన రేడియో ఎవరూ నమ్మరు," అన్నాను.

"అచ్ఛా! బండి లేటైతే నేనే ఆపేసినట్టు అన్నేళ్లు మాఫీ అడిగాను. ఇది నిజంగా నా తప్పే కదేట్రా?"

మైకు ముందు కూర్చుని తప్పు తనదేనని మూడుసార్లు చెప్పింది.

మరుసటి ఆదివారం, ఆ రోజు నడిచొచ్చిన ఒక ముసలామె రేడియో గది తలుపు దగ్గర నిలబడింది. తిడుతుందనుకున్నాను.

"బస్సు రాకపోయినా, డాక్టరు రాకపోయినా మాకెవరూ తప్పయిందని చెప్పలేదు బేటీ. మళ్లీ ఎప్పుడొస్తాడో నువ్వే చెప్పు," అంది.

పిన్ని గొంతు సవరించుకుని మూడుసార్లు చెప్పింది.

పిన్ని ఇప్పుడు లేదు. ఇవన్నీ గుర్తుచేసిన కొండ మీది రేడియోవాళ్లు సుఖ్‌మతికి, శంకర్‌కి, లైబ్రరీ అప్పారావు గారికి తలా ఒకసారి కృతజ్ఞతలు. పిన్నికి మూడుసార్లు.