యాదమ్మ గాయానికి తగిన వైరస్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. నారాయణగూడలో ఒక మేడమీది ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టుగా పనిచేస్తున్నాను. రోగి చీములోని బాక్టీరియాను ప్లేటులో పెంచి, అది ఏ యాంటీబయాటిక్‌కు చస్తుందో చెప్పడం నా పని. దీన్ని కల్చర్ అంటారు. మందుకు లొంగితే ‘ఎస్’, లొంగకపోతే ‘ఆర్’ అని రాస్తాం.

యాదమ్మ రిపోర్టులో పైనుంచి కిందదాకా ఆర్‌లే.

ఆవిడ అశోక్‌నగర్‌లో మెస్ నడిపేది. పోటీ పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లలు ఆవిడ పప్పుచారు కోసం వరస కట్టేవారు. కూరగాయలకు వెళ్ళినప్పుడు ఆటో గుద్ది, మోకాలి కింద ఎముక విరిగింది. లోపల రాడ్ వేశారు. ఏడాది దాటినా గాయంలోంచి చీము ఆగలేదు. రాడ్ తీసేసి ఎముకను శుభ్రం చేసినా లాభం లేకపోయింది. హైదర్‌గూడలోని సర్జన్ నాకు ఫోన్ చేసి, “ఇక కాలు తీసేయడమేనేమో” అన్నారు.

రిపోర్టు కోసం యాదమ్మే వాకర్‌తో లిఫ్టెక్కి మా కౌంటర్ దగ్గరికి వచ్చింది.

“మేడమ్, గీ కాగితంల ఒక్క మందన్న లేదా?”

“లేదండీ.”

“కాలు పోతే పొయ్యి కాడ ఎట్ల నిలవడాలె? కూసొని అన్నం గంజు దించుతరా ఎవలన్న?” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అప్పటికి కొంతకాలంగా ఫేజ్‌ల గురించి చదువుతున్నాను. ఫేజ్ అంటే బాక్టీరియాను మాత్రమే చంపే వైరస్. మన ఒంట్లోని కణాల జోలికి రాదు; బాక్టీరియాలోనూ తనకు సరిపడ్డ రకాన్నే చంపుతుంది. ఇక్కడి మామూలు వైద్యంలో అది లేదు. సర్జన్‌తో చెబితే మొదట కొట్టిపారేశారు. వారం తర్వాత ఆయనే ఫోన్ చేసి, “అనుమతుల సంగతి నేను చూస్తాను, మీరు పరీక్ష మొదలుపెట్టండి” అన్నారు. విదేశంలోని ఒక కేంద్రం తన దగ్గరున్న ఫేజ్‌లను పరీక్షకు పంపింది.

యాదమ్మకు విషయం చెప్పాను.

“వైరసా! మొన్నటిదాంక మూతికి గుడ్డ కట్టుకొని తిరిగినం. మల్ల గదే ఎక్కిస్తవా?”

“ఇది మీ గాయంలోని బాక్టీరియానే తింటుంది యాదమ్మగారూ. మిమ్మల్నేం చేయదు.”

“గట్లయితే మంచిగ ఆకలి మీదున్నదాన్ని పంపమను.”

ప్లేటు నిండా ఆవిడ బాక్టీరియాను పరిచి, దానిమీద ఫేజ్ చుక్కలు వేశాను. ఫేజ్ పనిచేస్తే చుక్క పడ్డచోట బాక్టీరియా చచ్చి, గుండ్రంగా ఖాళీ ఏర్పడాలి. మర్నాడు పొద్దున చూస్తే ఒక్క ఖాళీ కూడా లేదు.

ఆ మాట చెప్పగానే యాదమ్మ వాకర్‌ను పక్కకు జరిపి కూర్చుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

“మా మెస్ పిల్లలు గ్రూప్స్ రాస్తరు, పోతది. మల్ల రాస్తరు. నువ్వు గూడ మల్ల జూడు మేడమ్.”

ఫ్రీజర్‌లో దాచిన ఆవిడ బాక్టీరియానే ఆ కేంద్రానికి పంపాం. బాక్టీరియా ఎక్కడుంటే ఫేజ్‌లూ అక్కడే ఉంటాయి కాబట్టి, దాన్ని చంపే ఫేజ్ కోసం వాళ్ళు మురుగునీటిలో వెతికారు. జ్వరం వస్తే ఇక ఆగేది లేదు, కాలు తీసేయాల్సిందేనని సర్జన్ ముందే చెప్పారు. ఫోన్ మోగితే చాలు, జ్వరమేమోనని ముందు సర్జన్ పేరుందా అని చూసేదాన్ని. మూడు నెలలకు కొత్త ఫేజ్‌తో రెండో పెట్టె వచ్చింది.

ఈసారి ప్లేటు మీద వేలితో తుడిచినట్టు గుండ్రటి ఖాళీ. యాదమ్మను పిలిపించి, కిటికీ వెలుతురులో చూపించాను.

“గీడ సచ్చినయా?”

“చచ్చాయి.”

“అరె, ప్లేటు సాఫ్ జేసింది మేడమ్!” ఆవిడ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటుంటే నేను కిటికీ వైపు తిరిగాను.

సర్జన్ మళ్ళీ గాయం తెరిచి శుభ్రం చేసి, సన్నని గొట్టంతో రోజూ ఫేజ్ లోపలికి పోశారు. విడిగా పనిచేయని మందు ఫేజ్‌తో కలిస్తే పనిచేయవచ్చని, తోడుగా ఒక యాంటీబయాటిక్ కూడా ఇచ్చారు. మూడో వారానికి చీము తగ్గింది. ఆ తర్వాతి కల్చర్లలో ఏమీ పెరగలేదు. కాలు నిలిచింది. కొంచెం కుంటుతుంది, అయినా పొయ్యి దగ్గర నిలబడే వండుతుంది. నయం చేసింది ఫేజా, ఆపరేషనా, రెండూనా అంటే ఒక్క రోగిని చూసి నేను తేల్చి చెప్పలేను.

అంతకుముందు ఆర్‌లన్నీ రాసి సంతకం పెడితే నా పని అయిపోయిందనుకునేదాన్ని. ఇప్పుడు అలాంటి రిపోర్టు వస్తే ఆ బాక్టీరియాను పారేయకుండా దాచిపెడతాను, డాక్టరుకు నేనే ఫోన్ చేస్తాను. మందు ఓడిపోయిందని చెప్పడానికి ఆ ఒక్క అక్షరం చాలు. మనిషి సంగతి తెలియాలంటే మాత్రం లేచి కౌంటర్ దాకా వెళ్ళి, ఆ మనిషినే పలకరించాలి.